చీపురు పట్టే గంట

సాత్‌తాల్ ఆశ్రమంలో పనివాళ్ళకి వారానికొక రోజు సెలవు ఉండేది. మరుగుదొడ్లు శుభ్రం చేసే మనిషికి కూడా. ఫ్లష్‌లు లేని కాలం అది. మలాన్ని ఎత్తి, తట్టలో మోసుకెళ్ళి పారబోయాల్సిన రోజులు. అతను సెలవు తీసుకున్న రోజున ఆ పని ఎవరు చెయ్యాలి? ధ్యానానికని ఆశ్రమానికి వచ్చినవాళ్ళే చెయ్యాలి. బలవంతం లేదు, ఎవరికి వారు ముందుకొచ్చి పేరివ్వాలి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన ఒకాయన ఎన్నాళ్ళకీ పేరివ్వలేదు. ఆశ్రమం పెట్టిన స్టాన్లీ జోన్స్ ఒకరోజు అడిగేశాడు, మీరెప్పుడు చేస్తారని. ఆయన తల అడ్డంగా ఊపాడు. తాను మారుమనస్సు పొందిన మాట నిజమేగాని, అంతదూరం ఇంకా పొందలేదని చెప్పాడు. ఈ సంగతిని జోన్సే రాసుకున్నాడు.

ఆ జవాబు విని నవ్వేవాళ్ళుంటారు. నాకు మాత్రం ఆ మనిషి మీద గౌరవం కలుగుతుంది. తన విశ్వాసం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో అంత నిక్కచ్చిగా చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది? ఎన్ని ప్రసంగాలు విన్నా ఆయనకి ఆ సంగతి తెలిసేది కాదు. చీపురూ తట్టా ఎదురుగా పెట్టి అడిగితే తెలిసింది. మనం రిట్రీట్లనీ క్యాంపులనీ పిలుచుకునే క్రైస్తవ ధ్యాన శిబిరాల్లో ఒంటి కష్టానికి చోటిచ్చింది ఖర్చు తగ్గించుకోవడానికి కాదు. ప్రార్థనలో పెదవులతో అన్నది చేతులదాకా వచ్చిందో లేదో చూసుకోవడానికి. ఈ పద్ధతి మన దేశంలో ఎలా రూపు కట్టిందో, ఇప్పుడు మన క్యాంపుల్లో దాని గతేమిటో చెప్పుకోవాలి.

ఈ. స్టాన్లీ జోన్స్ అమెరికాలోని మేరీలాండ్‌వాడు. 1884లో పుట్టాడు. మెథడిస్టు మిషనరీగా 1907లో లక్నో వచ్చాడు. మొదటి ఎనిమిదేళ్ళలో పని ఒత్తిడికి నరాల జబ్బు చేసి మళ్ళీ మళ్ళీ పడిపోయాడు. లక్నోలో ప్రార్థన చేసుకుంటుండగా ఆ భారం దిగిపోయిందని ఆయన సాక్ష్యం. ఆ తరవాత దేశమంతా తిరిగి, చదువుకున్న హిందువులతో, ముస్లింలతో బహిరంగ సభల్లో మాట్లాడాడు. శాంతినికేతనంలో టాగూర్ దగ్గరా, సబర్మతిలో గాంధీ దగ్గరా ఉండి వాళ్ళ దినచర్య చూశాడు. సబర్మతిలో పాయిఖానాలు కడగడం ఆశ్రమవాసులందరి పని అని మనకి తెలిసిందే. 1925లో వచ్చిన ‘ది క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్’ ఆయనకి ప్రపంచమంతటా పేరు తెచ్చింది. 1928లో మెథడిస్టు సంఘం బిషప్‌గా ఎన్నుకుంటే, అభిషేకం కాకముందే రాజీనామా చేసి తిరిగి ఇక్కడికే వచ్చేశాడు. రెండేళ్ళకి, అంటే 1930లో, కుమావూ కొండల్లో భీమ్‌తాల్‌కి దగ్గర, ఓక్, పైన్ చెట్ల మధ్య సరస్సు ఒడ్డున సాత్‌తాల్ ఆశ్రమం మొదలైంది. యూనస్ సిన్హా అనే మన దేశపు పాస్టరూ, ఎథెల్ టర్నర్ అనే ఇంగ్లీషు మిషనరీ ఆయనకి తోడు. ఆ ఆశ్రమం ఇప్పటికీ నడుస్తోంది.

క్రైస్తవ ఆశ్రమం అనే ఆలోచన ఆయన ఒక్కడిదే కాదు. 1921లోనే తమిళనాట తిరుపత్తూరులో యేసుదాసన్ అనే తమిళ డాక్టరూ, ఫారెస్టర్ పేటన్ అనే స్కాట్లండు డాక్టరూ కలిసి క్రిస్తుకుల ఆశ్రమం పెట్టారు. ఖద్దరు కట్టి, పెళ్ళి మానుకుని, పేదలకి వైద్యం చేశారు. మరుసటి ఏడు జాక్ విన్‌స్లో క్రిస్త సేవా సంఘం ప్రారంభించాడు. తెల్లవాడు మిషన్ బంగళాలో, దేశీయుడు క్వార్టర్సులో ఉండే కాలంలో ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని ఒకే అన్నం తినడం మామూలు విషయం కాదు. దొరతనాన్ని ఒప్పుకోం అని నోటితో అనకుండానే అన్నట్టు.

జోన్స్ ప్రత్యేకత ఎక్కడుందంటే, ఆశ్రమ జీవితాన్ని కొన్ని రోజుల శిబిరంలో పట్టేటట్టు ఒక క్రమం కట్టాడు. సంసారాలు, ఉద్యోగాలు ఉన్నవాళ్ళు కూడా వారం రోజులు వచ్చి ఆ బతుకు బతికి వెళ్ళొచ్చు.

మొదటి రోజు సాయంత్రం అందరూ చేరగానే ప్రసంగం ఉండదు. ఆ మొదటి సమావేశాన్ని తెరిచిన హృదయపు గంట అనేవారు. ఒక్కొక్కరూ మూడు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. ఎందుకొచ్చాను? నాకేం కావాలి? నిజంగా నాకు అవసరమైనది ఏమిటి? రెండో ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ మధ్య ఉన్న దూరం గమనించండి. కావలసినవి అడగమంటే జాబితా చదువుతాం. అవసరమేమిటంటే మాట తడబడుతుంది. సాక్ష్యం చెప్పమంటే మనవాళ్ళు అలవాటుగా గతంలోకి వెళ్ళి, ఫలానా సంవత్సరం ప్రభువు నన్ను రక్షించాడని మొదలుపెడతారు. అది మంచిదే. ఈ గంట అడిగేది మాత్రం ఇవాళ్టి సంగతి. ముందు నాయకుడే తన అవసరం చెప్పుకోవాలి. ఆయన నోరు విప్పకపోతే ఎవరూ విప్పరు. అంతకుముందే వివిధ మతాల వాళ్ళని గుండ్రంగా కూర్చోబెట్టి, వాదాలు పక్కన పెట్టి, మీ మతం మీ బతుకులో ఏం చేసిందో అది మాత్రం చెప్పండని అడిగే సమావేశాలు జోన్స్ నడిపాడు. 1928లో వాటి మీద పుస్తకం రాశాడు. తెరిచిన హృదయపు గంటకి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

బిరుదులు గేటు దగ్గర వదిలేసి రావాలి. బిషప్పూ లేడు, డాక్టరూ లేడు, ప్రొఫెసరూ లేడు. అందరూ బ్రదరో సిస్టరో. జోన్స్ చివరిదాకా బ్రదర్ స్టాన్లీయే. బిషప్ పదవి వదిలేసినవాడు పెట్టిన నియమం కనక దానికి విలువ వచ్చింది. ఇంకో నియమం, చాటున విమర్శ చెయ్యకూడదు. మనిషి మీద మనిషికి నమ్మకం ఉంటేనే సహవాసం నిలుస్తుంది, వెనక మాటలు ఆ నమ్మకాన్ని తినేస్తాయి, కాబట్టి ఎవరి మీద ఏమున్నా వాళ్ళ ఎదుటే ప్రేమతో చెప్పుకోవాలి. సంఘ రాజకీయాలు తెలిసినవాళ్ళకి ఈ నియమం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

రాత్రి నుంచి పొద్దుటి ఆరాధన వరకు మౌనం. నా మట్టుకు నాకు మన క్యాంపుల్లో పూర్తిగా కరువైనది ఇదే అనిపిస్తుంది. తెల్లారకుండానే మైకు మొదలవుతుంది. పాట, దాని మీద ప్రార్థన, దాని మీద ప్రకటనలు. దేవుడు మాట్లాడడానికి మనం సందివ్వం. మౌనం మనకి పరాయిదేమీ కాదు. 1938లో బైబిల్ మిషన్ ప్రారంభించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు తన వాళ్ళకి నేర్పింది సన్నిధిలో మౌనంగా కనిపెట్టుకుని కూర్చోవడమే. గుంటూరు, గోదావరి జిల్లాల పల్లెల్లో చదువు రాని తల్లులు కూడా ఆ సాధన చేశారు.

ఇక పని గంట. రోజూ కాసేపు అందరూ ఏదో ఒక పని చెయ్యాలి. ఊడవడం, కట్టెలు కొట్టడం, దారి బాగు చెయ్యడం, అంట్లు తోమడం. ఇది కూడా జోన్స్ కనిపెట్టింది కాదు. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ తన మఠాల కోసం రాసిన నియమావళి చదివితే వంటింటి గురించి అంత శ్రద్ధగా రాసిన భక్తుడు ఇంకొకడు లేడనిపిస్తుంది. వంట సేవ వారానికొకరి వంతు. జబ్బుగా ఉన్నవాళ్ళు, మరీ ముఖ్యమైన పని మీద ఉన్నవాళ్ళు తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. బలహీనులకి సాయం ఇవ్వాలి, లేకపోతే వాళ్ళు దిగులుపడతారు. వంతు అయిపోయినవాడు శనివారం అంతా శుభ్రం చేసి, సోదరులు చేతులూ కాళ్ళూ తుడుచుకున్న తువ్వాళ్ళు ఉతకాలి. దిగిపోయేవాడూ, ఎక్కేవాడూ ఇద్దరూ కలిసి అందరి పాదాలు కడగాలి. గిన్నెలన్నీ శుభ్రంగా, విరగకుండా అప్పజెప్పాలి. మఠం సామాన్లు చూసే అధికారి గరిటెనీ గడ్డపారనీ కూడా బలిపీఠం మీది పాత్రల్లాగే ఎంచాలి. పదిహేను వందల ఏళ్ళ కిందట రాసిన ఈ మాటలు ఇవాళ ఏ క్యాంపు వంటింటి గోడ మీద రాసిపెట్టినా పనికొస్తాయి.

ఆ నియమావళిలో మరో రెండు సంగతులు నాకు చాలా ముఖ్యంగా తోస్తాయి. గంట మోగగానే చేతిలో ఉన్నది ఎక్కడిదక్కడ వదిలేసి ప్రార్థనకి రావాలి. పని ముగిసిందా లేదా అన్నది లెక్క కాదు. పని చేసేవాడికి ఇది ఎంత ఇబ్బందో చేసినవాళ్ళకి తెలుసు. ఇంకా రెండు గిన్నెలే ఉన్నాయి, తోమేసి వస్తానంటాం. ఆ రెండు గిన్నెల దగ్గరే పని దేవుడైపోతుంది. రెండోది, చేతిపని బాగా వచ్చినవాడు తన వల్లే మఠం నడుస్తోందని గర్వపడడం మొదలుపెడితే అతన్ని ఆ పని నుంచి తప్పించాలి. మన దగ్గర అయితే అతన్నే కమిటీలో వేస్తాం.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ పాత దారినే మళ్ళీ తొక్కినవాళ్ళున్నారు. కేరళలో వాగమన్ కొండల మీద 1958లో ఫ్రాన్సిస్ ఆచార్య, బీడ్ గ్రిఫిత్స్ కలిసి మొదలుపెట్టిన కురిసుమల ఆశ్రమంలో సన్యాసులు ఆవుల్ని పెంచి పాలు అమ్మి బతికారు. గడ్డి తప్ప ఏమీ లేని ఆ కొండల్లో చుట్టుపక్కల రైతులకి పాడి నేర్పారు. ఫ్రాన్సులో తైజే గ్రామానికి 1940లో బ్రదర్ రోజే వచ్చి ప్రారంభించిన సమాజానికి ఇప్పటికీ ఏటా వేలమంది యువత వెళ్తున్నారు. సమాజంలోని బ్రదర్స్ ఎవరి దగ్గరా చందా పుచ్చుకోరు, మట్టి పాత్రలు చేసీ, పుస్తకాలు వేసీ తమ కష్టం మీదే బతుకుతారు. వచ్చిన యువతీ యువకులే వడ్డిస్తారు, గిన్నెలు కడుగుతారు, మరుగుదొడ్లు శుభ్రం చేస్తారు. కొందరు నెలల తరబడి ఉండిపోయి పని చేస్తారు. రోజుకి మూడుసార్లు గంటలు మోగినప్పుడు అన్ని పనులూ ఆగిపోతాయి. బెనెడిక్ట్ చూస్తే సంతోషించేవాడు.

మన తెలుగువాళ్ళకి ఇదంతా పుస్తకాల్లో చదువుకోవలసిన సంగతి కాదు. హైదరాబాదులో గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర బక్త్ సింగ్ గారి పరిచర్యకి కేంద్రమైన హెబ్రోను ఉంది. ఆయన పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టారు. ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండు, కెనడా వెళ్ళి అక్కడ క్రీస్తుని నమ్ముకున్నారు. 1933లో తిరిగొచ్చి, 1941లో మద్రాసులో సహవాసం ప్రారంభించారు. ఆ డిసెంబరులోనే మొదటి హోలీ కాన్వకేషన్ జరిగింది. లేవీయకాండం 23వ అధ్యాయంలోని పండుగల నుంచి తీసుకున్న తలంపు అది. ఇశ్రాయేలీయులు పర్ణశాలల్లో ఏడు రోజులు నివసించినట్టు, విశ్వాసులు ఇళ్ళు వదిలి వచ్చి, ఒకచోట ఉండి, ఒకచోట తిని, దేవుణ్ణి ఆరాధించాలని. 1950 నుంచి హెబ్రోను ఆయన పరిచర్యకి కేంద్రమైంది. 2000 సెప్టెంబరులో కన్నుమూసేదాకా ఆయన ఉన్నది అక్కడే.

ఆ కూటాలకి వెళ్ళినవాళ్ళు ప్రసంగాలతోపాటు భోజనాల గురించి కూడా చెబుతారు. కుర్చీలు లేవు, చాపలు. చెప్పులు బయట. కోస్తా రైతూ, తెలంగాణ కూలీ, సికింద్రాబాదు ఆఫీసరూ ఒకే బంతిలో కూర్చుని అన్నం, కూర తింటారు. డబ్బు కోసం వేదిక మీంచి అడగడం ఉండదు. ఇన్ని వేలమందికి వండి వడ్డించేది కేటరింగువాళ్ళు కాదు, విశ్వాసులే. కూరగాయలు తరిగేవాళ్ళు, నీళ్ళు పోసేవాళ్ళు, బంతి లేవగానే ఊడ్చేవాళ్ళు అందరూ కూటాలకి వచ్చినవాళ్ళే. దాన్ని ప్రేమవిందు అంటారు. ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగాలో ఊరు నిర్ణయించే రోజుల్లో ఆ పంక్తి భోజనం చేసిన బోధ ఏ ప్రసంగం చేసి ఉంటుంది? జోన్స్ ఆశ్రమానికీ బక్త్ సింగ్ కూటాలకీ ఆరాధన రీతిలో చాలా తేడా ఉంది. చాప, వంటిల్లు, అందరూ చేసే పని దగ్గర మాత్రం రెండూ ఒకటే.

పని చేసే చోట ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూడాలి. మూడొందల మంది క్యాంపులో మధ్యాహ్న భోజనం అయిపోయింది. పంపు దగ్గర అన్నం గుండిగ పెట్టారు, అడుగంటింది. దాన్ని ఒక్కరు తోమలేరు. పక్కకి ఒరగబెట్టి, ఒకరు లోపలికి వంగి కొబ్బరి పీచుతో రుద్దాలి, ఇంకొకరు కదలకుండా పట్టుకుని నీళ్ళు పొయ్యాలి. పట్టుకున్నాయన రిటైరైన హెడ్మాస్టరు, పంచె పైకి కట్టాడు. లోపల వంగినవాడు ఇంజనీరింగ్ కుర్రాడు.

“ఎన్నో సంవత్సరం బాబూ?”

“ఫైనలియర్ అయిపోయింది మాస్టారూ.” పీచు చప్పుడు కాసేపు. “నాలుగు సబ్జెక్టులు ఉండిపోయాయి. ఇంట్లో తెలీదు.”

“ఊఁ. ఆ మూల ఇంకా ఉంది చూడు.” చెంబుతో నీళ్ళు పోశాడు. “అమ్మకి చెప్పావా?”

“లేదండీ.”

“ముందు అమ్మకి చెప్పు. నాన్నగారితో నేను మాట్లాడతాలే. ఫోన్ నంబరివ్వు.”

ఆ కుర్రాడు మూడు రోజులుగా కౌన్సెలింగ్ గదికి వెళ్ళలేదు. ఎదురుబొదురు కుర్చీల్లో కూర్చుంటే అతని నోట ఆ మాట వచ్చేది కాదు. తల గుండిగలో ఉంది, చేతికి పని ఉంది, ముఖం ఎవరూ చూడటం లేదు కనక వచ్చింది. పని గంటని క్రమంలో పెట్టినవాళ్ళు దీన్ని బాగా ఎరిగినవాళ్ళు. తెరిచిన హృదయపు గంటలో అందరి ముందూ చెప్పలేనిది అంట్ల దగ్గర పక్కమనిషికి చెప్పుకోవచ్చు. దేవుడు ఆ దారిన కూడా వస్తాడు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేసి పని గొప్పతనం పాడటం తప్పు. ఆంధ్ర, తెలంగాణ సంఘాల్లో అధికభాగం మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. ఊరి చాకిరీ తరతరాలుగా వాళ్ళ నెత్తిన రుద్దారు. ఏడాది పొడుగునా ఇంకొకరి పొలంలో, ఇంకొకరి ఇంట్లో ఒళ్ళు హూనం చేసుకున్న తల్లి మూడు రోజులు వాక్యం విందామని వస్తే, ఆమె చేతికి చీపురిచ్చి ఇది ఆత్మీయ సాధనమ్మా అనడం న్యాయమా? కాదు. ఆమెకి సాధన కూర్చోవడం. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పారిశుధ్య కార్మికుల క్రైస్తవ కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ మలం ఎత్తే పనిని నిర్మూలించడానికే జీవితం ధారపోశారు. 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. ఆ చాకిరీకి దైవత్వం అంటగట్టి నిలబెట్టడానికి విశ్వాసులెవరూ సాయపడకూడదు.

సాత్‌తాల్ పద్ధతిలోని తెలివి ఇక్కడ బయటపడుతుంది. అక్కడ చీపురు చేతులు మారింది. ఎప్పుడూ ఊడ్చేవాడు విశ్రాంతి తీసుకున్నాడు, ఎన్నడూ ఊడ్చనివాడు ఊడ్చాడు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు తువ్వాలు నడుముకి కట్టుకున్న క్రమం కూడా అదే. శిష్యుల చేత ఆయన పాదాలు కడిగించుకోలేదు, వాళ్ళ పాదాలు తానే కడిగాడు. పని గంటలో ఎవరు ముందు లేస్తారన్నదే అన్నిటికన్నా పెద్ద విషయం. పెద్దలు ముందు లేస్తే అది ఆరాధన. పిల్లల్నీ, పేదల్నీ లేపి పెద్దలు చూస్తూ కూర్చుంటే అది పాత చాకిరీయే, దానికి క్రైస్తవ పేరు పెట్టినా సరే.

ఆడవాళ్ళ సంగతి మరీ బాధ. మన క్యాంపుల్లో పని గంట లేదనుకుంటాం. ఉంది, అది ఆడవాళ్ళకి రోజంతా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఉప్మాకి ఉల్లిపాయలు తరిగే అక్కలు, పది గంటల ప్రసంగం వేళకి అన్నం వారుస్తుంటారు. సాయంత్రం కూటంలో టీ కలుపుతుంటారు. వాక్యం వాళ్ళకి గోడ అవతలి మైకులోంచి ముక్కలు ముక్కలుగా వినబడుతుంది. చివరి రోజు వేదిక మీంచి వాళ్ళకి కృతజ్ఞతలు చెప్పి, ఒక చీర పెట్టి చప్పట్లు కొట్టిస్తారు. మార్త మరియల కథ చెప్పే ప్రసంగీకుడే మార్త వండినది తిని వెళ్ళిపోతాడు. మార్తకి పనిలో సాయం చేసేవాళ్ళు ఇంకో నలుగురుంటే ఆమె కూడా ప్రభువు పాదాల దగ్గర కూర్చునేదని నేను నమ్ముతాను.

ఈ ఇబ్బందులు చూసి కొన్ని సంఘాలు వంట కేటరింగుకి ఇచ్చేస్తున్నాయి. పని ఇంకా మనమే చేసుకునే చోట పాస్టరుగారు చీపురు తీస్తే నలుగురు పరిగెత్తుకొచ్చి, “అయ్యగారూ, మీరెందుకండీ, మేం లేమా?” అని లాక్కుంటారు. ఆ ప్రేమ నిజమైనదే. అయినా అయ్యగారు ఆ చీపురు ఇవ్వకూడదు. ఊడవడం పూర్తయ్యేదాకా ఇవ్వకూడదు. ఆయన ఇచ్చేస్తే చూస్తున్న పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, పెద్దవాడు కావడం అంటే చీపురు వదిలేయడం అని.

ఆశ్రమంలో చేసిన పని ఆశ్రమం గేటు దగ్గర ఆగిపోదు. లక్నోలో జోన్స్ ఇంకో ఆశ్రమం పెట్టాడు. అక్కడ ఉన్న జే హోమ్స్ స్మిత్ అనే అమెరికన్ మిషనరీ భారత స్వాతంత్ర్యం వైపు నిలబడి, ప్రభుత్వానికి విధేయుడుగా ఉంటానన్న హామీ పత్రాన్ని కాదన్నాడు. 1940లో దేశం విడిచిపోవలసి వచ్చింది. వెళ్ళి న్యూయార్కులో నల్లవాళ్ళుండే హార్లెంలో ఒక ఇల్లు తీసుకుని హార్లెం ఆశ్రమం ప్రారంభించాడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే కప్పు కింద ఉండి, ప్రార్థన చేసుకుని, ఇంటి పనులు పంచుకుని, అహింసా పద్ధతులు నేర్చుకున్నారు. తరవాత పౌరహక్కుల ఉద్యమంలో పెద్ద పేర్లయిన జేమ్స్ ఫార్మర్, పాలీ మర్రే ఆ ఇంట్లో ఉన్నవాళ్ళే. జోన్స్ అమెరికాలో మొదలుపెట్టిన శిబిరాల్లో కూడా రంగు తేడా లేకుండా అందరూ కలిసే ఉన్నారు. బస్సుల్లో కూడా విడివిడిగా కూర్చునే రోజుల్లో అది జరిగిందని గుర్తుపెట్టుకోవాలి. మన నేల మీద కట్టిన క్రమం అక్కడిదాకా వెళ్ళింది.

జోన్స్ శిబిరాల్లో చివరి రోజు పొంగిపొర్లే హృదయపు గంట ఉంటుంది. మొదటి రోజు తన అవసరం చెప్పుకున్నవాళ్ళు, ఏం జరిగిందో చెబుతారు. జరగనిది జరగలేదనీ చెప్పొచ్చు. తరవాత అందరూ వలయంగా నిలబడి, యేసే ప్రభువు అని పలికి సెలవు తీసుకుంటారు.

దసరా సెలవులు, సంక్రాంతి, వేసవి వస్తే మన సంఘాలన్నిటా క్యాంపులే. కార్యక్రమ పత్రాలు అచ్చు వేయించే పెద్దలకీ యువజన నాయకులకీ నా మనవి ఇది. పొద్దుటి వాక్యధ్యానం అయిన వెంటనే పనికి ఒక గంట కేటాయించండి. దాన్ని అందరికీ ఒకేసారి పెట్టండి, ఆ సమయంలో వేదిక మీద ఏమీ జరపకండి. ఇంట్లో రోజూ వంట చేసేవాళ్ళకి వంటింటి పని ఇవ్వకండి, వాళ్ళని చెట్టు కింద కూర్చోనివ్వండి. గరిటె పట్టడం రాని మగవాళ్ళు ఉల్లిపాయలు తరగవచ్చు, అంట్లు తోమవచ్చు, నేర్చుకుంటారు. మరుగుదొడ్ల జాబితాలో మొదట పాస్టరుగారి పేరు, తరవాత సంఘ పెద్దల పేర్లు, ఆ తరవాత కమిటీ సభ్యుల పేర్లు రాయండి. వంట బాధ్యత తప్పనిసరై మోసే అక్కలుంటే వాళ్ళని రెండు జట్లు చేసి, ప్రతి కూటంలోనూ సగం మందికి ముందు వరసలో చోటుంచండి. ప్రసంగానికి పిలిచే దైవసేవకుడికి ఫోన్ చేసినప్పుడే ఒక మాట చెప్పండి, అయ్యగారూ, ఒకరోజు ముందుగా రండి, మాతో కూరగాయలు తరుగుదురుగాని అని. వస్తానన్నవాణ్ణే పిలవండి.